అతిథి క్షేమము, ఊరి క్షేమము

గడచిన మాఘమాసమునందు మేము కుటుంబసమేతముగా అహోబిలయాత్రకు బయలుదేరనుండగా, మా బంధువులలో పెద్దవారొకరు దారి యేదని యడిగిరి. నంద్యాల మీదుగా ఆళ్లగడ్డ చేరి, అచ్చటినుండి కొండకు పోవుదుమని చెప్పితిమి. ఆ పేరు చెవిని బడినంతనే వారి ముఖము మారినది. "ఆళ్లగడ్డయా! అక్కడ బాంబులు విసరుకొందురు కదా. ఆడపిల్లలను వెంటబెట్టుకొని పోవుట క్షేమమేనా?" యనిరి. అడిగినవారు లోకజ్ఞానము లేనివారు కారు. పట్టణమున పెద్ద యుద్యోగము చేసి విరమించినవారు. వారు రాయలసీమను కన్నులార చూచియుండలేదు. అయినను ఆ సీమను గూర్చి వారికి స్థిరమైన యభిప్రాయ మొకటి కలదు. ఇట్టి యభిప్రాయము మన యిండ్లలో ననేకులకు గలదు గనుక, ఆ ప్రశ్నను నవ్వి త్రోసివేయక నిదానముగా విచారించుట మంచిదని మాకు తోచినది.

ముందుగా ప్రశ్నకు సూటిగా సమాధానము చెప్పవలెను. క్షేమమే. నంద్యాల 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీనుండి ఒక జిల్లాకు ముఖ్యపట్టణము. కుందూనది లోయలోని నల్లరేగడి నేలలకును, కర్నూలు-కడప కాలువ నీటికిని, సోనా బియ్యమునకును పేరుపొందిన యూరు. తూర్పున నల్లమల కొండలు, వాని పాదమున మహానంది. దక్షిణముగా నలుబది కిలోమీటర్ల దూరమున ఆళ్లగడ్డ. అచ్చటినుండి మరి యిరువదియైదు కిలోమీటర్లు పోయినచో అహోబిలము. పడమటివైపున యాగంటి, మూడు కిలోమీటర్లకు పైగా పొడవుగల బెలుం గుహలు. ముఠా కక్షలు మిక్కిలి రగులుచుండిన దశాబ్దములందును ఈ క్షేత్రములకు యాత్రికులు రాక మానలేదు. ఏలయన ఆ కక్షలు దారిదోపిడి వంటివి కావు. దోపిడికానికి బాటసారి కావలయును; కక్షదారునకు బాటసారితో పనిలేదు. తన శత్రువు పేరును, ఇంటి గుమ్మమును, పొలము గట్టును వానికి తెలియును. ఆ శత్రువు తరచుగా వాని జ్ఞాతియే, వాని యూరివాడే. మనము వాని లెక్కలో లేము.

యాత్రికుడు భయపడదగిన వేవియు లేవాయనిన, ఉన్నవి. మండువేసవిలో ఈ లోయ యెండ ముసలివారికిని పిల్లలకును ఓర్వరానిది. అహోబిలమున నవనారసింహ స్థానములలో కొన్నింటికి పోవు దారి అడవిదారి, రాళ్లదారి. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట అచ్చట నుండరాదు. అన్నింటికంటె పెద్ద యపాయము రహదారి. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములవలన 1,68,000 మందికి పైగా మరణించిరి. 2014వ సంవత్సరము ఏప్రిల్ నెలలో ఎన్నికల ప్రచారము ముగించుకొని రాత్రివేళ మరలుచుండిన ఆళ్లగడ్డ శాసనసభ్యురాలు శోభా నాగిరెడ్డిగారు తమ యూరి సమీపముననే కారు బోల్తాపడి, ఆ గాయములచేత మరునాడు కాలధర్మము నొందిరి. బాంబుల సీమయని లోకము జడియు చోట ఆమె ప్రాణము తీసినది బాంబు కాదు, బాట. మన భయము ఒక దిక్కును చూచుచుండగా అపాయము వేరొక దిక్కున నిలిచియుండుట లోకమున తరచుగా జరుగుచున్నదే.

మరి యీ భయ మెచ్చటినుండి వచ్చినది? కొంత చరిత్రనుండి, కొంత తెరమీదినుండి. 1800లో నిజాము రాయలసీమలోని పెక్కు తావులను తూర్పిండియా కంపెనీకి దత్తము చేసెను. సొంత బంట్లతో, సొంత కోటలతో మెలగుచుండిన పాళెగాండ్రను థామస్ మన్రో అణచివేసెను. భరణముమీద బ్రదుకవలసివచ్చిన పాళెగాండ్ర వంశములలో అసంతృప్తి చల్లారలేదు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగబడి కోయిలకుంట్ల ఖజానాపై బడెను. 1847 ఫిబ్రవరి 22వ తేదీన ఆయనను కోయిలకుంట్లలో ఉరిదీసి, ఆయన తలను 1877 వరకు కోటగోడకు వ్రేలాడగట్టి యుంచిరి. ముప్పది యేండ్లపాటు ఒక మనుష్యుని తలను దారినపోవువారికి చూపినవారు పల్లెటూరి మోటువారు కారు. నాగరకులమని చెప్పుకొనిన ప్రభుత్వమువారు. తరువాతి కాలమున పెత్తనములకై, నీటికై, గుత్తలకై, పంచాయతి యెన్నికలకై పల్లెలలో రెండేసి ముఠాలు నిలిచినవి. వేటకొడవళ్లును నాటుబాంబులును వచ్చినవి. హత్యకు హత్య బదులైనది. ఇది కల్ల కాదు. దీనిని దాచుటవలన లాభము లేదు.

అయితే 1999లో సమరసింహారెడ్డి, 2002లో ఇంద్ర మొదలగు చిత్రములు వచ్చి జనాదరణ పొందిన పిమ్మట, పల్లెలలో కక్షలు తగ్గుచున్నను తెరమీద తగ్గలేదు. ఎన్నడును కుందూ ఒడ్డును చూడనివారికి గూడ ఆ యూళ్లు నెత్తుటి రంగుననే పరిచయమైనవి. ఇందొక విడ్డూరము కలదు. లండనుకోటలో రాణుల తలలు నరికిన తావును చూడబోవువాడు ఆ నగరము క్షేమమాయని యడుగడు. రాజుల రక్తపాతమునకు చరిత్రయని పేరుపెట్టి టిక్కెట్టు కొనుచున్నాము. పల్లెవారి రక్తపాతమునకు స్వభావమని పేరుపెట్టి ముఖము త్రిప్పుకొనుచున్నాము. కొందరు చేసిన పనిని ఊరి కంతటికి పుట్టుమచ్చగా నంటగట్టుట న్యాయము కాదు.

ఇంతటితో నిలిపినచో మా బంధువులకు సమాధానము చెప్పినట్లే. కాని ఆళ్లగడ్డలో మేము వినిన మాట యొకటి మా సమాధానమును మాకే చాలనిదిగా జేసినది.

ఆళ్లగడ్డ శిల్పులకు ప్రసిద్ధి కెక్కిన యూరు. దారిప్రక్కను వరుసగా పాకలు, పాకలలో ఉలి చప్పుడు, సగము ముఖము తేలిన దేవతామూర్తులు. ఒకచోట చిన్న వినాయక విగ్రహమును బేరమాడుచు, పనిలోనున్న ముదుసలి శిల్పితో, "మీ ప్రాంతము ఇప్పుడు చల్లబడినదట కదా, మావంటివారు నిర్భయముగా తిరుగవచ్చునా?" యని యడిగితిమి. ఆయన ఉలి దింపి చిన్నగా నవ్వెను. "మీకెప్పుడు భయముండె సామీ? బయటోళ్ల జోలికి ఎవరూ రారు. ఇంటికొస్తే అన్నం పెట్టి పంపిస్తారు. ఆ భయమంతా మాదే. ఊర్లో ఉంటే ఏదో ఒక పక్క చేరి పాడైపోతాడని మా పిల్లోన్ని పదేండ్లకే హాస్టలుకు పంపిస్తిమి." అని మరల ఉలి చేత బట్టెను. ఆ పిమ్మట మాకు బేరమాడుటకు నోరు రాలేదు. ఆయన చెప్పిన వెలయే యిచ్చి విగ్రహమును తెచ్చుకొంటిమి.

ఆ మాటతో మా ప్రశ్నలోని లోపము మాకు గోచరించినది. ఈ యూరు క్షేమమా యని యడుగునప్పుడు 'మాకు' అను పదమును మ్రింగి యడుగుచున్నాము. అతిథికి ఎల్లప్పుడును క్షేమమైన యూరు తన బిడ్డలకు క్షేమకరము కాకపోవచ్చును. రెండవ ముఠావాడు తన యోటు తాను వేసికొనలేని పల్లెలో బాటసారి మజ్జిగ త్రాగి, చెట్టునీడను హాయిగా నిద్రపోగలడు. ఎన్నిక యేకగ్రీవమైనదని పత్రికలో చదివి మనము సంతోషింతుము. ఆ యేకగ్రీవము సమ్మతివలన గలిగినదో, నోరు మెదపలేనితనమువలన గలిగినదో బాటసారికి తెలియదు. 2008 మే నెలలో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల గ్రామ నాయకుడును, ఆయనతో బయలుదేరిన పదిమందియు దారిలో హతులైరి. నాయకుని పేరు పత్రికలలో నిలిచినది. ఆ పదిమంది పేర్లు వారి వారి యిండ్లలోనే నిలిచినవి. ముఠాలు ఎచ్చట నున్నను కూలికి పోవు చేతులే కొడవళ్లు పట్టవలసివచ్చుచున్నది; ముండమోయువారు ఆ యిండ్లలోని యాడువారే. తరువాతి కాలమున జిల్లా పోలీసు అధికారి యొకరు ఆ గ్రామమును దత్తత గొని దాని బాగునకు పూనుకొనిరి. ఊరి క్షేమమన నేమియో తెలిసినవారు చేసిన పని యది.

ఇది రాయలసీమ కొక్కదానికే చెందిన సంగతి కాదు. ఉత్తర ఐర్లండునందు ముప్పది యేండ్లు సాగిన కలహములో సుమారు 3,500 మంది మరణించిరి. 1998 ఏప్రిల్ 10వ తేదీన ఒడంబడిక జరిగినది. నేడు బెల్ఫాస్టు నగరమున యాత్రికులను టాక్సీలలో త్రిప్పి, ఆ కలహకాలపు గోడచిత్రములను చూపుచున్నారు. యాత్రికునకు భయము లేదు. కాని కాథలిక్కుల పేటలకును ప్రొటెస్టెంట్ల పేటలకును నడుమ గట్టిన గోడలు పెక్కు నేటికిని నిలిచియున్నవి. కొన్నింటి ద్వారములను రాత్రివేళ మూయుదురు. పగలు అతిథి ఛాయాచిత్రము తీసికొను గోడ యేదో, రాత్రి పొరుగువారిని పొరుగువారినుండి వేరుచేయు గోడయు నదియే.

ఇచ్చట నొకరు ఆక్షేపింపవచ్చును: "యాత్రికుడు దేవుని చూచి పోవుటకు వచ్చినవాడు. ఊరి తగవులు తీర్చుట వాని పనియా? వాడు వచ్చి నాలుగు రూపాయలు ఖర్చుపెట్టిన అదియే మేలు కాదా?" ఇందు సత్యము లేకపోలేదు. భయపడి రాకుండుట కక్షలు పెట్టుకొనినవారికి శిక్ష కాదు. ఆ కక్షలవలన నలిగిన శిల్పికిని, పూలమ్ముకొను నామెకును, బాడుగబండివానికిని శిక్ష. కావున పోవలెననియే మేము చెప్పుదుము. తగవు తీర్చు భారము అతిథిమీద లేదు. కాని అతిథి చేయరాని పనులు రెండు గలవు. మొదటిది, నెత్తురు పారిన తావును వేడుకగా చూడగోరుట, "బాంబులు వేసిన యిల్లేది?" యని బండివాని నడిగి నవ్వుకొనుట. రెండవది, తాను సుఖముగా తిరిగివచ్చినందున ఆ యూరికి దోషమే లేదని యోగ్యతాపత్రము వ్రాసియిచ్చుట. మొదటిది ఊరి దుఃఖమును ఆటగా జేయును; రెండవది ఆ దుఃఖమును లేదనును. మా బంధువుల భయము మొదటిదానికి చుట్టము. మేము బయలుదేరుటకు ముందు వారికి చెప్పదలచిన ధైర్యము రెండవదానికి చుట్టము.

అట్లయిన జరిగినదానిని జ్ఞాపకముంచుకొను తగిన పద్ధతి యేది? మనవారికి అది తెలియనిది కాదు. పలనాటిలో 12వ శతాబ్దమున దాయాదులు పోరి నశించిన కారెంపూడియందు నేటికిని ఏటేట కార్తిక అమావాస్యతో మొదలై వీరుల యుత్సవము జరుగుచున్నది. అందొకనాడు చాపకూడు, అనగా కులభేదము లేక అందరును ఒక్కటిగా కూర్చుండి భుజించుట. యుద్ధమును మరువలేదు, మరువకయే కలిసి తినుచున్నారు. అహోబిలమునందును పార్వేట యుత్సవమని కలదు. కనుమనాడు మొదలై నలుబది దినములకు పైగా నరసింహస్వామి పల్లకి ముప్పదికి మించిన గ్రామములు తిరుగును. చెంచులక్ష్మితో తన పెండ్లికి స్వామి తానే జనులను పిలువవచ్చుచున్నాడని వారి నమ్మకము. మేము పోయిన దినములలో పల్లకి యొక పల్లెలో విడిసియుండెను. ముఠాలకు పేరుమోసిన సీమలో ఆ పల్లకి ఎవరి యూరను భేదము లేక పోవుచున్నది. దేవుని బోయీలకు తెరచిన దారి పొరుగు ముఠావానికిని తెరచియున్న నాడు ఆ యూళ్లు నిజముగా క్షేమములు.

మేము తిరిగివచ్చిన పిమ్మట మా బంధువులు విగ్రహమును చూచి మెచ్చుకొని, "ఏమియు జరుగలేదు కదా?" యని యడిగిరి. ఏమియు జరుగలేదంటిమి. శిల్పి మాటయు చెప్పితిమి. వారు కొంతసేపు మాటాడక, "ఆ కుర్రవాడు ఇప్పుడెక్కడ నున్నాడట?" యని యడిగిరి. మేము ఆ సంగతి కనుగొని రాలేదు. సిగ్గుపడితిమి. అతిథి యడుగవలసిన ప్రశ్న యదియే కదా! మా చదువరులలో ఆ వైపునకు పోవువారు దారి మంచిదా, బస మంచిదా యని యడుగుడు, తప్పులేదు. దానితోపాటు, చనువు కలిగిన చోట, మీ పిల్లలు ఊరనే చదువుచున్నారా, మీ యోటు మీరే వేసితిరా యనియు నడుగుడు. అవునను సమాధానము ఎన్ని గుమ్మములలో వినబడునో, ఊరి క్షేమము అంతయే.