పెక్కు రోగముల దేహము - కాయకధర్మము

దేహమును దేవాలయముగా భావింపవలెనని బసవాది శరణులు బోధించిరి. కాయకము లేని జీవనమును వారు మెచ్చలేదు. ఈ రెండు మాటలను చిన్ననాటినుండి వినుచు పెరిగినవారికి రోగములు చుట్టుముట్టిన వయసున ఒక సందేహము కలుగుట సహజము. ఆ దేవాలయము నలువైపుల బీటలు వారినప్పుడు ఏమి చేయవలెను? పని చేయు శక్తి ఉడిగినవాడు ధర్మమునుండి తొలగినవాడగునా?

రోగము ఒక్కటే అయినచో దారి కొంత సుగమము. మధుమేహము, రక్తపోటు, కీళ్ళనొప్పులు, మూత్రపిండముల బలహీనత ఒకే దేహమున చేరినచో ఆ దారి చిక్కుపడును. కీళ్ళనొప్పులకు వాడు కొన్ని మాత్రలు రక్తపోటును పెంచును, మూత్రపిండములకు హాని చేయును. ఉబ్బసము తీవ్రమైనప్పుడు మింగు స్టిరాయిడు మాత్రలు రక్తములో చక్కెరను హెచ్చించును. చక్కెర తగ్గుటకు నడువుమందురు, మోకాలు నడువనీయదు. పండ్లు తినుట మేలని ఒకరందురు. మూత్రపిండములు బాగుగా దెబ్బతిన్నవారికి అరటిపండు, కొబ్బరినీరు తగదని వేరొకరందురు. ప్రతి వైద్యుడును సత్యమునే చెప్పుచున్నాడు. ఆ సత్యములన్నిటిని ఒక్కచోట మోయవలసినవాడు మాత్రము రోగియే.

2005లో అమెరికాలో కొందరు పరిశోధకులు అయిదు దీర్ఘరోగములు గల 79 ఏండ్ల వృద్ధురాలిని ఊహించి, ఒక్కొక్క రోగమునకు విధించిన చికిత్సానియమములన్నిటిని ఆమెకు వర్తింపజేసి చూచిరి. 12 రకముల మందులు తేలినవి. పథ్యము, వ్యాయామము, పరీక్షలు వేరు. ఇంతటి నియమపాలనము సులభమా? మాత్రలను వేళకు లెక్కించుట, రక్తపరీక్షలకు పరగడుపున పోవుట, ఆసుపత్రి వరుసలో నిలుచుట, నాలుగు చీటీలను సరిపోల్చుకొనుట - ఇదియంతయు శ్రమయే. శ్రద్ధతో చేసినచో ఇదియు కాయకమే యని నా తాత్పర్యము. కావున రోగిని చూచి “ఊరక కూర్చున్నాడు” అనుట అన్యాయము.

మరియొక అన్యాయము కలదు. “పూర్వజన్మ పాపము” అనియో, “నోరు కట్టుకొనలేదు” అనియో బంధువులే పలుకుదురు. నడవడి వలన కొన్ని రోగములు ముదురుట నిజమే. అంతమాత్రమున సర్వమును రోగి నెత్తిన వేయరాదు. 2012లో స్కాట్లండునందు 17 లక్షలకు పైగా ప్రజల ఆరోగ్యవివరములను పరిశీలించగా, సుమారు నలుగురిలో ఒకరికి రెండు గాని అంతకు మించి గాని దీర్ఘరోగములున్నట్లు తేలినది. సంపన్నుల ప్రాంతములకంటె కడు బీదల ప్రాంతములలో అట్టి స్థితి 10 నుండి 15 ఏండ్లు ముందుగనే వచ్చుచున్నది. రోగము పాపఫలమే యనువారు బీదలందరు పాపులని చెప్పగలరా? కులమును బట్టి మనిషిని తూచరాదని నేర్చిన మనము రోగమును బట్టి తూచవచ్చునా?

ఇక రోగి ధర్మమేమి? ఆయ్దక్కి లక్కమ్మ కథ మన ఇండ్లలో తెలియనిది కాదు. భర్త మారయ్య అవసరమునకు మించి తెచ్చిన బియ్యమును ఆమె తిరిగి ఇచ్చి రమ్మన్నది. చికిత్సయందును ఈ మితము అవసరము. మాత్రలన్నిటిని ఒకే వైద్యుని ముందు పెట్టి, “వీనిలో ఏది నాకు నేటికిని కావలెను? దేని మోతాదు తగ్గింపవచ్చును?” అని అడుగవలెను. నాటుమందును గాని, అంగడిలో కొన్న నొప్పిమాత్రను గాని దాచరాదు. వైద్యుని అడుగక దేనిని మానరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, తనకేది ప్రధానమో చెప్పవలెను. రెండు ఏండ్లు అధికముగా జీవించుట ఒకరికి ముఖ్యము కావచ్చును. నొప్పి లేక కూర్చుండి లింగపూజ చేసికొనుట, మనుమరాలి చేయి పట్టుకొని వీధి చివర వరకు నడచుట మరియొకరికి ముఖ్యము కావచ్చును. ఈ ఎన్నిక రోగిదే. రోగి జీవితమును వీలైనంత తక్కువగా చీకాకుపరచు వైద్యమే కావలెనని 2009లో కొందరు వైద్యులే బ్రిటిషు వైద్యపత్రికలో వ్రాసిరి.

ఇంటివారి ధర్మమును చెప్పవలసియున్నది. ఒకరికి ఉప్పు లేని కూర, ఒకరికి తీపి లేని పానీయము, పిల్లలకు వేరొక వంట - వీనిని అమర్చు ఇల్లాలు తానును రోగియైన ఇండ్లు ఎన్ని లేవు! ఆమె మాత్ర వేసికొనెనా యని అడుగువారెవరు? దాసోహము మఠపు పంక్తితోనే ముగియదు. ఇంటిలోని ఆ ప్రశ్నతో మొదలగును. సేవను స్వీకరించుటయు సిగ్గు కాదు. పుచ్చుకొనువారు లేనిచో దాసోహమునకు తావెక్కడిది?

బీటలు వారినంత మాత్రమున గుడి గుడి కాకపోదు. అందులో దీపము పెట్టగలిగినంత కాలము పెట్టుట రోగి వంతు. నూనె పోయుట చుట్టునున్నవారి వంతు.