దినమునకు హద్దురాయి

తనపై యజమాని లేనివాడే స్వతంత్రుడని లోకము తలచును. ఈ తలంపు ఎంతవరకు సత్యమో తెలియుటకు భూముల క్రయవిక్రయములలో మధ్యవర్తిగా నుండు గృహస్థుని జీవితమును పరిశీలించిన చాలును.

కడప జిల్లాలో పాపాఘ్ని చెంతనున్న వేంపల్లె వంటి ఊళ్లలో ఈ వృత్తి కొందరికి జీవనాధారము. మధ్యవర్తికి హాజరు పట్టీ లేదు. సెలవు అడుగవలసిన అధికారి లేడు. అయినను వేకువనే ఫోను మ్రోగును. ఒకరు చీనీతోట చూపుమందురు. మరియొకరు బయానా తిరిగి ఇప్పించుమందురు. బేరము కుదిరిననే కమీషను. కావున భోజనవేళ తప్పును, సంధ్య తప్పును, బిడ్డలతో పలుకుటకు తీరిక చిక్కదు. ఒక యజమానిని తప్పించుకొన్నవాడు పదిమందికి లోబడినాడు.

ఫోను ఎత్తనిచో బేరము మరియొకరి చేతికి పోవును గదా, సంసారము నడచుటెట్లు? ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. బోరుబావి ఎండి అప్పులపాలైన రైతు పొలము అమ్మజూపునపుడు జాప్యము అతనికే కష్టము. వృత్తిని నిర్లక్ష్యము చేయుట ధర్మము కాదు.

అయితే మధ్యవర్తి శాంతిని హరించునది పని మాత్రమేనా? అమ్మువానికి ఒక ధర, కొనువానికి ఒక ధర చెప్పినవాడు ఆ రెండు మాటలను రేయింబవళ్లు కాపాడుకొనవలెను. తాకట్టును, దారి తగాదాను దాచినవాడు రిజిస్ట్రేషను ముగిసిన పిదపను నిశ్చింతుడు కాడు. ఉన్నది ఉన్నట్లు చెప్పి, అడంగలును ఈసీని ముందే చూపినవానికి ఆ బాధ లేదు. అతని మాటను సత్యమే కాచును. సాయంకాలము అతనికి మిగులును. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము సయితము ఏజెంటు అసత్య ప్రకటనలు చేయరాదని విధించినది. శాసనము శిక్షకు వెరపించి చెప్పు మాటనే ధర్మము శాంతికొరకు చెప్పును.

సత్యమునకు తోడు తృప్తి కావలెను. భూమిని కొలుచు వృత్తివారికి వామనమూర్తి స్మరణీయుడు. కోరినంత ఇత్తునని బలి పలికినను వటువు మూడడుగులే యాచించెను. మూడడుగులతో తృప్తి నొందనివానికి ద్వీపము లభించినను చాలదని భాగవతము అష్టమ స్కంధమున స్వామి చేసిన బోధ. పిదప త్రివిక్రముడై లోకములను కొలిచినది బలిని అనుగ్రహించుటకే గాని ఆశచేత కాదు. పొలమునకు హద్దురాయి లేనిచో తగాదా తప్పదని ఎరిగినవాడు తన దినమునకు హద్దు పాతుకొనకుండుట వింత గదా!

వేంపల్లెకు చేరువనున్న గండి క్షేత్రమున శ్రీరాముడు బాణపు మొనతో ఆంజనేయుని రూపమును శిలపై గీచెననియు, చిటికెన వ్రేలు పూర్తికాకమునుపే తరలెననియు స్థలపురాణము. ఆ రూపమే నేటికిని పూజలందుకొనుచున్నది. పని కొంత మిగిలినంతమాత్రమున దినము వ్యర్థము కాదనుటకు ఇది చాలదా? శ్రావణ శనివారము గండికి పోదలచిన మధ్యవర్తి ముందునాడే ఇరుపక్షములకు తెలిపి, ఆ పూట ఫోను ఇంట నుంచి, ఆలుబిడ్డలతో స్వామిని సేవింపవలెను. అందువలన ఒక బేరము తప్పిపోవచ్చును; ఆ నష్టము నిజమే. కాని కమీషనుతో మరల కొనరానిది ఆ పూట.

ఆశకు ఎల్ల, మాటకు సత్యము ఉన్నవాడే స్వతంత్రుడు. అట్టివానికి వృత్తియు భగవత్సేవయే యగును.