చెప్పడంతో బాధ్యత తీరుతుందా?

పెద్దలకు ఎదురు చెప్పకూడదని మనకు చిన్నప్పుడే నేర్పుతారు. తప్పు కనబడితే ఊరుకోకూడదని కూడా నేర్పుతారు. ఈ రెండు నీతులూ ఎదురుబొదురైన చోట ఏది నెగ్గాలో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకని చాలామందిమి ఒక మధ్యేమార్గం కనిపెట్టుకున్నాం. తప్పు కనబడితే ఒక మాట అనేసి పక్కకు తప్పుకుంటాం. తరువాత నష్టం జరిగితే "అప్పుడే చెప్పాను కదా" అంటాం. మా ఉద్దనపల్లి వైపు ఇదే మాట "చెప్తిని గదప్పా, వాడు వినలే" అని వినిపిస్తుంది. ఆ మాటతో మనస్సు కుదుటపడుతుంది. అలా కుదుటపడే హక్కు మనకు ఉందా అన్నదే నా ప్రశ్న.

జవాబు కోసం విమాన ప్రమాదాల వైపు చూస్తున్నాను. దీనికి కారణం ఉంది. మనం ఇళ్ళలో, ఆఫీసుల్లో అనుకునే మాటలు గాలిలో కలిసిపోతాయి. ఎవరు ఏమన్నారో, ఎప్పుడన్నారో తరువాత తేలదు. పైలట్ల మాటలు మాత్రం యంత్రంలో నిలిచి ఉంటాయి. ప్రమాదం జరిగితే విచారణ సంఘం ప్రతి మాటనూ సెకండ్లతో సహా లెక్క చూస్తుంది. మాటకూ చేతకూ మధ్య ఎంత దూరముందో అక్కడ కొలిచి చూడవచ్చు.

మనకు దగ్గరలో జరిగినది 1990 ఫిబ్రవరి 14 నాటి బెంగుళూరు ప్రమాదం. బొంబాయి నుంచి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ అప్పటి హెచ్.ఎ.ఎల్. విమానాశ్రయంలో దిగబోతూ, రన్‌వే చేరకముందే గోల్ఫ్ మైదానంలో పడింది. 146 మందిలో 92 మంది మరణించారు. ముందు కూర్చున్న ఇద్దరూ కెప్టెన్లే. ఒకరు నడుపుతున్నారు, రెండవవారు ఆయనను పరీక్షిస్తున్నారు. ఇంజన్లు బొత్తిగా తక్కువ శక్తితో తిరుగుతున్నాయి, ఎత్తూ వేగమూ పడిపోతున్నాయి. దారి చూపే ఫ్లైట్ డైరెక్టర్లను ఆపడం గురించి ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఒకరిది ఆపారు, రెండవది అలాగే ఉండిపోయింది. రెండూ ఆపితే గాని ఇంజన్ల తీరు మారదు. మాట పుట్టింది, పని సగంలో నిలిచిపోయింది.

మంగళూరులో జరిగింది ఇంకా ఆలోచింపజేస్తుంది. 2010 మే 22 తెల్లవారుజామున దుబాయి నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం అది. మంగళూరు రన్‌వే కొండమీద చదును చేసినది, చివర లోయ ఉంది. రెండు గంటల అయిదు నిమిషాల రికార్డింగులో మొదటి గంటా నలభై నిమిషాలు పైలట్ల మధ్య సంభాషణే లేదు. కెప్టెన్ నిద్రపోయారు. విమానాశ్రయం రాడారు అప్పటికి రెండు రోజులుగా పనిచేయడం లేదు గనుక కిందికి దిగడం ఆలస్యంగా మొదలైంది. రన్‌వే దగ్గరపడేసరికి విమానం ఉండవలసిన ఎత్తుకు దాదాపు రెట్టింపు ఎత్తులో ఉంది. ఇలాంటప్పుడు దిగే ప్రయత్నం మాని, మళ్ళీ పైకి లేచి, చుట్టు తిరిగి రావాలన్నది నియమం. దాన్ని "గో అరౌండ్" అంటారు. అది అవమానం కాదు. కొన్ని నిమిషాల ఆలస్యం, కొంత ఇంధనం ఖర్చు, అంతే.

ఫస్ట్ ఆఫీసర్ ఆ మాట మూడుసార్లు అన్నారు. యంత్రం కూడా పలుసార్లు హెచ్చరించింది. కెప్టెన్ ఆగలేదు. 8,033 అడుగుల రన్‌వేలో సుమారు 5,200 అడుగులు దాటాక చక్రాలు నేలను తాకాయి. 158 మంది మరణించారు, 8 మంది బతికారు.

ఎయిర్ మార్షల్ బి.ఎన్. గోఖలే అధ్యక్షతన జరిగిన విచారణ ప్రధాన కారణంగా కెప్టెన్ పట్టుదలనే చూపింది. దానితో పాటు ఇంకొక సంగతి కూడా చెప్పింది. ఫస్ట్ ఆఫీసర్ పదే పదే అన్నారు గాని నియంత్రణ తన చేతిలోకి తీసుకోలేదు. తీసుకునే అధికారం ఆయనకుందా అన్న విషయంలో ఆదేశాలు స్పష్టంగా లేకపోవడమే బహుశా దానికి కారణమని నివేదిక అంది.

ఇది గుణపాఠం అయి ఉండవలసింది. పదేళ్ళ తరువాత, 2020 ఆగస్టు 7న, కోళికోడులో అదే సంస్థ విమానం, అలాంటి కొండమీది రన్‌వే. వాన పడుతోంది, గాలి వెనుక నుంచి తోస్తోంది. ఒకసారి దిగబోయి పైకి లేచి మళ్ళీ వచ్చారు. మరునాటి ఉదయం విమానం నడపవలసి ఉన్నందున ఎలాగైనా అక్కడే దిగాలన్న తొందర కెప్టెన్‌కు ఉండిందని విచారణలో తేలింది. ఈసారి కూడా ఫస్ట్ ఆఫీసర్ "గో అరౌండ్" అన్నారు. ఈసారి కూడా నియంత్రణ తీసుకోలేదు. ఇద్దరు పైలట్లతో సహా 21 మంది పోయారు.

చనిపోయిన యువకుల మీద తప్పు మోపడం నా ఉద్దేశం కాదు. నేల దగ్గరపడుతున్న వేళ ఒక విమానాన్ని ఇద్దరు చెరొకవైపు లాగితే అది ఇంకా ప్రమాదం. పైగా చెప్పడమే ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు. "కాస్త చూస్తారా సార్", "నాకెందుకో అనుమానంగా ఉందండి" అని మర్యాదలో చుట్టి చుట్టి చెబుతాం. 1990 జనవరి 25న న్యూయార్క్ దగ్గర కొలంబియా దేశపు అవియాంకా విమానం ఇంధనం అయిపోయి కూలింది. స్పానిష్ మాతృభాషగా గల ఆ పైలట్లు ఇంగ్లీషులో "ఇంధనం అయిపోతోంది" అన్నారు, "ప్రాధాన్యం ఇవ్వండి" అన్నారు. "ఎమర్జెన్సీ" అన్న ఒక్క మాట మాత్రం అనలేదు. కింద ఉన్నవారికి ప్రమాదం తీవ్రత అర్థం కాలేదు. 73 మంది మరణించారు. ఇంట్లో తెలుగు, తాలూకా ఆఫీసులో తమిళం, బెంగుళూరు వెళితే కన్నడం మాట్లాడే మనకు ఈ ఇబ్బంది బాగా తెలుసు. పరాయి భాషలో గట్టిగా చెప్పవలసిన మాట కూడా విన్నపంలాగే బయటికి వస్తుంది.

కామర్స్ చదివి బ్యాంకులో చేరినవాణ్ణి గనుక నాకు తెలిసిన పోలిక చెబుతాను. మా స్ట్రాంగ్ రూముకు రెండు తాళంచెవులు, ఇద్దరి దగ్గర ఉంటాయి. ఏదైనా సరిగా లేదనిపిస్తే నా తాళం తిప్పకపోతే చాలు, తలుపు తెరుచుకోదు. ఊరుకుంటే అక్కడ పని ఆగిపోతుంది. విమానంలో ఇది తలకిందులు. ఊరుకుంటే పని సాగిపోతుంది. నేల తనంతట తానే దగ్గరకొస్తుంది. మౌనం అర్ధాంగీకారమంటారు, అక్కడ అది పూర్తి అంగీకారమే. కాబట్టి చెప్పడంతో బాధ్యత తీరిందా అని అడిగేముందు ఇంకొకటి అడగాలి. నేను చెప్పి ఊరుకుంటే పని ఆగుతుందా, సాగుతుందా?

బ్యాంకులో కూడా అన్నీ తాళాల గదులు కావు. మార్చి 31 దగ్గరపడేసరికి లక్ష్యాల తొందర మొదలవుతుంది. ఒక శాఖలో ఒక పెద్ద అప్పు ఫైలు మీద ఒక అధికారి అభ్యంతరాలన్నీ వివరంగా రాశారు. రాసి, కింద సిఫారసు సంతకమూ పెట్టారు. అప్పు మునిగింది. విచారణలో ఆ రాత ఆయనను కాపాడింది. డబ్బును మాత్రం కాపాడలేదు. ఆ అభ్యంతరం డబ్బు కోసం రాసినదా, తన కోసం రాసినదా?

రామాయణంలో మారీచుడు కూడా రావణుడికి మంచి మాటే చెప్పాడు. రాముడితో వైరం వద్దని, లంక నాశనమవుతుందని స్పష్టంగా చెప్పాడు. వినకపోతే బంగారు జింక అయ్యాడు. విభీషణుడూ చెప్పాడు, వినకపోతే వదిలి వెళ్ళిపోయాడు. మనం విభీషణుణ్ణి మెచ్చుకుంటాం. కాని విమానంలో విభీషణుడికి దిగిపోయే దారి లేదు. వెనుక నూటయాభై మంది కూర్చుని ఉన్నారు. అక్కడ మిగిలినవి రెండే: మారీచుడు కావడం, లేదా చెయ్యి వేసి ఆపడం.

ఆ చెయ్యి వేసే ధైర్యం ఆ క్షణంలో ఎక్కడి నుంచో ఊడిపడదు. అది ముందే ఏర్పాటై ఉండాలి. రెండుసార్లు హెచ్చరించినా జవాబు రాకపోతే రెండవవారు నియంత్రణ తీసుకోవాలన్న పద్ధతి విమానయానంలో ఉంది. పద్ధతి కాగితం మీద ఉంటే చాలదు. "నేను పొరబడితే నన్ను ఆపు, తరువాత నేను కోపగించను" అని పెద్దస్థానంలో ఉన్నవాడు ప్రయాణానికి ముందే నోరు తెరిచి చెప్పాలి. కిందివాడి ధైర్యంలో సగం పైవాడు ఇవ్వవలసిన అప్పు. అది ఇవ్వకుండా, తరువాత "వాడు గట్టిగా చెప్పలేదు" అనడం న్యాయం కాదు.

కాబట్టి నా జవాబు ఇది. ఊరుకుంటే ఆగిపోయే పనిలో చెప్పడం చాలు. ఊరుకుంటే సాగిపోయే పనిలో చెప్పడం మొదటి మెట్టు మాత్రమే. మన ఇళ్ళలో పెళ్ళి సంబంధాలు, భూముల బేరాలు, ఆస్తి పంపకాలు చాలావరకు రెండో రకానివే. "ఇంత దూరం వచ్చాక వెనక్కి పోతామా" అన్న తొందరలోనే ముగుస్తాయి. అక్కడ పెద్దరికం ఉన్నవాళ్ళం ముందుగానే పిల్లలతో ఆ మాట అనాలి. అన్నాక, వాళ్ళు నిజంగా ఆపిన రోజున ఆగాలి.