గ్రహం మీద నింద ఎందుకు?



మన దగ్గర ఎవరింట్లో కష్టమొచ్చినా మొదట వినబడే మాట "గ్రహాలు బాగలేవు" అని. బాయిలో దెబ్బ తగిలినా, బిడ్డకు సంబంధం కుదరకపోయినా, వడ్డీ అప్పు తీరకపోయినా అదే మాట. చదువుకున్నవాళ్లు కూడా ఏల్నాటి శని అని భయపడి జీతం డబ్బులు శాంతులకు పెడుతుంటారు. అందుకే ఈసారి ఒక గ్రహం గురించే మాట్లాడుకుందాం. అది శని కాదు, గురుడు కాదు. వేరే సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహం.

చలికాలం రాత్రుల్లో మృగశిర, ఆర్ద్ర ఉన్న తారల గుంపుకు పడమరగా ఒక మామూలు చుక్క ఉంటుంది. పేరు ఎప్సిలాన్ ఎరిడాని. మన సూర్యుడి లాంటిదే. కొంచెం చిన్నది, వయసులో చాలా లేతది. దాని వెలుగు మనల్ని చేరడానికి పదిన్నర ఏళ్లు పడుతుంది. ఆకాశం లెక్కలో అది పక్క ఊరే. దాని చుట్టూ ఒక పెద్ద గ్రహం తిరుగుతున్నదని 2000లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఒక చుట్టుకు ఏడేళ్లకు పైనే పడుతుంది.

కంటికి కనబడని గ్రహం ఉందని ఎట్లా తెలిసింది? నక్షత్రం గ్రహాన్ని లాగినట్టే గ్రహం కూడా నక్షత్రాన్ని లాగుతుంది. ఆ లాగుడుకు నక్షత్రం సెకనుకు పది పదిహేను మీటర్ల వేగంతో ముందుకూ వెనక్కూ ఊగుతుంది. అంటే మన రోడ్డు మీద మోటారు సైకిల్ పోయేంత వేగం. నక్షత్రపు వెలుగులో వచ్చే సన్నని మార్పును ఏళ్ల తరబడి కొలిచి ఆ ఊగును పట్టుకున్నారు. అయినా అందరూ వెంటనే ఒప్పుకోలేదు. లేత నక్షత్రం మీది మచ్చలు కూడా అట్లాంటి భ్రమ కలిగించొచ్చని అనుమానించారు, మళ్లీ మళ్లీ కొలిచారు. పెద్దలు చెప్పారని, గ్రంథాల్లో ఉందని నమ్మవద్దు, మీరే పరీక్షించి తెలుసుకోండి అని కేసపుత్తలో కాలాములకు బుద్ధుడు చెప్పిన దారి ఇదే కదా.

2015లో ప్రజల ఓటుతో ఆ నక్షత్రానికి రాన్ అని, గ్రహానికి ఏగిర్ అని దేవతల పేర్లు పెట్టారు. పేరు పెట్టినందుకు ఆ గ్రహానికి మన మీద అధికారం వచ్చిందా? మరి శనికి మాత్రం ఎట్లా వచ్చింది? రాహుకేతువులైతే అసలు గ్రహాలే కావు. చంద్రుడి దారి, సూర్యుడి దారి ఒకదాన్నొకటి దాటే చోట్లు మాత్రమే.

ఇది ఉత్త వాదన కోసం కాదు. 2021 నవంబరులో మన శ్రీరాంపూర్‌లో ఎస్‌ఆర్‌పీ-3 గని పైకప్పు కూలి నలుగురు కార్మికులు చనిపోయారు. అట్లాంటి చావును "వాళ్ల గ్రహచారం" అంటే, కప్పుకు సపోర్టు ఎట్లా ఉంది, పని మొదలుపెట్టే ముందు ఎవరు చూశారు అనే ప్రశ్నలు అక్కడే ఆగిపోతాయి. ప్రశ్న ఆగితే రేపటి షిఫ్టులో దిగేవాడి ప్రాణానికి పూచీ ఎవరు?

కొందరు బౌద్ధులు ఇంకో తప్పు చేస్తారు. గ్రహాన్ని తీసేసి ఆ జాగలో కర్మను పెడతారు. "పూర్వజన్మ కర్మ, ఏం చేస్తాం" అంటారు. రాజగృహంలో మోలియసీవకుడు అనే పరివ్రాజకుడు ఇదే విషయం అడిగాడు. మనిషి అనుభవించేదంతా పాత కర్మ వల్లనే అనేవాళ్లు తెలిసిన సత్యాన్ని దాటిపోతున్నారని బుద్ధుడు జవాబిచ్చాడు. పైత్యం, కఫం, వాతం, ఆ మూడూ కలవడం, రుతువుల మార్పు, అజాగ్రత్త, ఇతరుల దెబ్బ, కర్మఫలం అని ఎనిమిది కారణాలు చెప్పాడు. అందులో కర్మ ఒక్కటే. మిగతా ఏడూ వెతికితే దొరికేవే. చాలావాటికి ఉపాయం ఉన్నది.

ఈసారి ఎవరైనా "టైం బాగలేదు" అని కుమిలిపోతుంటే వాళ్లతో వాదం పెట్టుకోకండి, ఎగతాళి అసలే చేయకండి. పక్కన కూర్చోండి. ఒంట్లో బాగలేకపోతే దవాఖానకు తోడు పోండి. అప్పయితే కాగితం తీసి లెక్క చూడండి. బాయిలో ప్రమాదమైతే నలుగురూ కలిసి కారణం అడగండి.