స్పర్శరేఖ నిజంగా తాకుతుందా?

తమిళనాడులో ఇంట్లో తెలుగు, బడిలో తమిళం నడిచే వత్రాప్ పిల్లలకైనా, వరంగల్ పిల్లలకైనా పదో తరగతిలో వచ్చే బొమ్మ ఒకటే. 3 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీసి, కేంద్రానికి 5 సెంటీమీటర్ల దూరంలో 'పి' అనే బిందువు పెట్టి, అక్కణ్ణుంచి వృత్తానికి స్పర్శరేఖలు గీయమంటారు. స్కేలు జరుపుతూ పోయి, వృత్తానికి ఆనగానే గీత లాగేస్తే సరిపోదా అనిపిస్తుంది. అలా గీస్తే మార్కులు పడవు, పడకపోవడమే న్యాయం. ఆ న్యాయం వెనక ఒక పాత తాత్విక చిక్కు ఉంది. పొడవూ వెడల్పూ లేని బిందువు దగ్గర తాకడమంటే ఏమిటి? జ్యామితిలో తాకడమంటే రెండు వస్తువులు వచ్చి కలవడం కాదనీ, అది వేరే జాతి సంబంధమనీ నా వాదన.

ముందు కంటి సాక్ష్యం ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం. కేంద్రానికి సరిగ్గా 3 సెంటీమీటర్ల దూరంలో పోవలసిన గీత 2.99 దూరంలో పోయిందనుకోండి. తప్పింది మిల్లీమీటరులో పదో వంతు. మామూలు పెన్సిలు గీత మందమే అంతకన్నా ఎక్కువ. అయినా ఆ గీత వృత్తాన్ని రెండు చోట్ల ఖండిస్తుంది, లోపల దాదాపు 5 మిల్లీమీటర్ల జ్యా పడుతుంది. కంటికి స్పర్శరేఖలా కనబడేది అసలు ఛేదనరేఖ అన్నమాట. గ్రీకు తాత్వికుడు ప్రోటాగరస్ ఇక్కడే పట్టుకున్నాడని అరిస్టాటిల్ మెటాఫిజిక్స్‌లో రాశాడు: కళ్లెదుటి వృత్తం స్కేలును ఒక్క బిందువు దగ్గర తాకదు కదా, మరి జ్యామితి చెప్పేది ఎక్కడుంది? ఆయన చూసింది నిజమే. కానీ 2.99 గీత ఎంత తప్పిందో లెక్క కట్టగలిగామంటే, తప్పని గీత ఏదో ముందే తెలిసి ఉండబట్టే.

మన దేశంలో ఇదే ఆక్షేపణ ఇంకా లోతుగా వచ్చింది. వసుబంధుడు వింశతికలో పరమాణువాదుల్ని నిలదీశాడు. అవయవాలు లేని పరమాణువుకు ఆరు దిక్కుల నుంచి ఆరు పరమాణువులు ఒకేసారి అంటుకుంటే, దానికి ఆరు భాగాలున్నట్టే. కాదు, అన్నీ ఒకే చోట ఉన్నాయంటారా, ఎన్ని పోగేసినా ముద్ద పరమాణువంతే ఉంటుంది. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయంలో వైశేషికులను పెట్టిన ఇరకాటమూ ఇదే. నైయాయికులు సంయోగానికి, అంటే రెండు వస్తువుల కలయికకు, చెట్టు మీది కోతిని చూపిస్తారు: కొమ్మ దగ్గర సంయోగం ఉంది, మొదలు దగ్గర లేదు. చెట్టుకు భాగాలున్నాయి కాబట్టి అది చెల్లింది. బిందువుకు కొమ్మేది, మొదలేది?

ఈ ప్రశ్న స్పర్శరేఖకు తగలదు. ఎందుకో నిర్మాణంలోనే తెలుస్తుంది. కేంద్రం 'ఓ'నీ 'పి'నీ కలిపి, ఆ రేఖాఖండాన్ని సమద్విఖండన చేసి, అదే వ్యాసంగా మరో వృత్తం గీస్తాం. అది మొదటి వృత్తాన్ని ఖండించిన చోటు 'టి'. అర్ధవృత్తంలోని కోణం లంబకోణం గనక, 'టి' దగ్గర వ్యాసార్ధానికి 'పిటి' లంబం. ఇంత పనిలో ఎక్కడా తాకించడమనే మెట్టే లేదు. లంబమని తేలాక మిగతాది దానంతట అదే వస్తుంది: ఆ రేఖ మీది వేరే ఏ బిందువును తీసుకున్నా కేంద్రం నుంచి దాని దూరం కర్ణమవుతుంది, కర్ణం భుజం కన్నా పెద్దది, కాబట్టి ఆ బిందువు వృత్తం బయటే. ఇక్కడ రెండు బిందువులు పక్కపక్కన చేరలేదు. ఉన్న ఒక్క బిందువే రెండు గీతలకూ చెందింది.

సంబంధమంతా సంయోగం కానక్కర్లేదన్న మాట వత్రాప్ ప్రాంతానికి కొత్తది కాదు. వత్రాప్‌కు పొరుగునున్న శ్రీవిల్లిపుత్తూరు నుంచి విష్ణుచిత్తుణ్ణి మధురలో పాండ్యరాజు సభకు పంపి, ఆముక్తమాల్యదలో కృష్ణదేవరాయలు వాదింపజేసింది విశిష్టాద్వైతం కోసమే. ఆ దర్శనంలో జీవుడికీ ఈశ్వరుడికీ ఉన్నది అపృథక్సిద్ధి. జీవుడు ఈశ్వరుణ్ణి విడిచి నిలవలేడు. అంటుకోవడం, ఊడిపోవడం అనే మాటలకు అక్కడ చోటు లేదు. (దీన్ని అందిపుచ్చుకుని స్పర్శరేఖే జీవుడు, వృత్తమే బ్రహ్మమని ఉపన్యాసం దంచేవారంటే నాకు భయం. నేను తీసుకుంటున్నది సంబంధాల్లో రకాలున్నాయన్న మాట వరకే.)

సరే, స్పర్శరేఖ అనేదే మనం పెట్టుకున్న నియమం కదా అంటారా? ఇది అన్నిటికన్నా గట్టి ఆక్షేపణ. నియమం మనదే, ఫలితం మాత్రం మన చేతిలో లేదు. 'పి' నుంచి కేంద్రం గుండా ఛేదనరేఖ గీస్తే అది 2, 8 సెంటీమీటర్ల దూరాల్లో వృత్తాన్ని ఖండిస్తుంది. లబ్ధం 16, స్పర్శరేఖ పొడవు 4, దాని వర్గమూ 16. ఏ వాలులో ఛేదనరేఖ గీసినా ఆ 16 మారదు. రేఖను మెల్లగా పక్కకు తిప్పుతూ పోతే 2 పెరుగుతుంది, 8 తగ్గుతుంది, చివరికి రెండూ 4 దగ్గర ఒకటవుతాయి. ఇప్పుడు 'పి'ని వృత్తం లోపలికి, కేంద్రానికి 1 సెంటీమీటరు దూరానికి తెండి. కేంద్రం గుండా పోయే జ్యాను అది 2, 4 సెంటీమీటర్ల ముక్కలు చేస్తుంది, వాటి లబ్ధం 8. ఆ బిందువు గుండా ఏ జ్యా గీసినా అంతే వస్తుంది. కానీ అదే నిర్మాణం మళ్లీ చేస్తే, 'ఓపి' వ్యాసంగా గీసిన చిన్న వృత్తం పెద్దదాన్ని చేరకుండా పూర్తిగా లోపలే ఉండిపోతుంది. ఒట్టి ఒడంబడికే అయితే అక్కడా ఒక స్పర్శరేఖ ఉందని ఒప్పేసుకుని ఊరుకోవచ్చు. ఎవరు గీసినా అక్కడ 'టి' దొరకదు.