మన భాష, వాళ్ల మాట

తన గౌరవంకోసం ఒక జాతి చేసిన వాదం, గెలిచిన తర్వాత ఆ జాతిని యెంతవరకు కట్టిపడేస్తుంది? తనకు గెలుపు తెచ్చిన న్యాయాన్ని పక్కవాడికి వర్తింపజేయడం దయా, బాధ్యతా? యీ ప్రశ్నను గాలిలో చర్చించడంకంటె నేలమీద నిలబెట్టి చూడటం మేలు.

మా తిరువూరు ప్రాంతంలో, ఎ.కొండూరు మండలంలో లంబాడీ తండాలున్నవి. అక్కడ యింటి భాష గోర్ బోలీ, బడి భాష తెలుగు, ఆశల భాష యింగ్లీషు. "లంబాడోళ్లు" అనే మాటలో జాతి పేరు యెంత, యీసడింపు యెంత అన్నది పలికే గొంతునుబట్టి తెలిసిపోతుంది. ఆ తండాల్లో కిడ్నీ జబ్బు యెందరినో పొట్టన పెట్టుకున్నది. తాగే నీళ్లను పరీక్షించడానికి ముందే వాళ్ల తాగుడును పరీక్షించిన పెద్దమనుషుల మాటలు నేను విన్నాను. దురభిమానం పనిచేసే తీరే అది. మన కష్టానికి కారణాలు వెతుకుతుంది. పరాయివాడి కష్టానికి వాడి గుణాన్ని వెతుకుతుంది.

"వాళ్లు యెక్కడినుంచో వచ్చినవాళ్లు" అంటారు. నిజమే. యెద్దులమీద వుప్పూ ధాన్యమూ మోస్తూ వాళ్లు దక్కనంతా తిరిగారు. రోడ్లూ రైళ్లూ వచ్చి ఆ వర్తకాన్ని చంపినవి. బతుకుతెరువు పోయిన సంచారులను తెల్లదొరలు అనుమానించారు. 1871లో పుట్టిన నేరస్థ జాతుల చట్టం పుట్టుకనే నేరంగా లెక్కగట్టింది. లంబాడీలలో పలు సమూహాలు ఆ జాబితాకెక్కినవి. స్వతంత్రం వచ్చిన అయిదేళ్లకు, 1952 ఆగస్టులోగాని ఆ ముద్ర చట్టరీత్యా చెరగలేదు.

అదే సంవత్సరం డిసెంబరులో పొట్టి శ్రీరాములు ప్రాణాలర్పించారు. 1953లో ఆంధ్రరాష్ట్రం, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ యేర్పడినవి. అప్పుడు మనం చెప్పిన న్యాయమేమిటి? బడీ, కచ్చేరీ ప్రజల భాషలో నడవాలనే కదా! సరిగ్గా ఆ నవంబరు 1నే అమలులోకి వచ్చిన రాజ్యాంగ సప్తమ సవరణ 350-ఎ అధికరణాన్ని చేర్చింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సదుపాయానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని దాని సారం. కవలల్లా పుట్టిన యీ రెండింటిలో ఒకదానికి పండుగలు చేశాం; రెండోదాని పేరు కూడా మనలో చాలామందికి తెలియదు.

"ఆ మాటకు లిపి లేదు గదా" అంటారు. గిడుగు రామమూర్తి పంతులు వ్యావహారిక భాషోద్యమానికి నాయకుడు కాకముందే సవరల మధ్య కూర్చుని సవర భాష నేర్చాడు. తెలుగు లిపిలోనే వాచకాలు రాశాడు, బడులు నడిపాడు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకునే మనం ఆయనలో సగాన్నే స్మరిస్తున్నాం. వుమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో బంజారాతో సహా యెనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలైంది. కాబట్టి అది అసాధ్యమేమీ కాదు. కొరత లిపిలో లేదు, పట్టుదలలో వున్నది.

"తండా తల్లిదండ్రులే యింగ్లీషు కావాలంటున్నారు" అన్నది మరింత బలమైన ఆక్షేపణ. వాళ్లు కోరేది వుద్యోగం, అన్నం. ఆ కోరిక పూర్తిగా న్యాయమైనది. కాని అన్నంకోసం తల్లి మాటను గుమ్మం బయట విడిచి రమ్మనే షరతు వాళ్లు పెట్టింది కాదు. యింటి మాటతో మొదలైన చదువు తెలుగుకూ యింగ్లీషుకూ మెట్టవుతుందిగాని గోడ కాదు.

యిక మన మిత్రులు కొందరు అడిగేది: "యిట్లా వేరు వేరు గుర్తింపులు లేవదీస్తే శ్రామిక ఐక్యత చీలిపోదా?" తన భాష దాచుకుని సభలో కూర్చున్న కూలీ మనతో ఐక్యం కాలేదు, మౌనంగా వున్నాడంతే. ఆ మౌనాన్ని ఐక్యత అనుకోవడం మనకు సౌకర్యంగా వుంటుంది గాని, ఉద్యమానికి బలమివ్వదు. అట్లాగని అద్దాల రవికలను వేదికలెక్కించి, చప్పట్లు కొట్టి, అదే సంస్కృతి అని మురవడమూ సరికాదు. నీళ్లివ్వని గౌరవం వుట్టి అలంకారం.

ఒక ఊరివాడు కావడానికి తాతల చిరునామా చూపనక్కరలేదు. ఆ నేలపై చెమటోడ్చడం, ఆ నీళ్లలో పాలు పొందడం, తన మాటకు సిగ్గుపడకుండా నోరెత్తడం – యీ మూడూ చాలు. మొదటిది తండా యేనాడో చేసింది. తక్కిన రెండింటికీ అడ్డుగా వున్నది మనం. తెలుగును ప్రేమించేవాడికి యిది దానం కాదు, పాత బాకీ.