కంపెనీలకు లేని పగ మీకెందుకప్పా?

నాయనా పెద్దోడా, చిన్నోడా! ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. విడివిడిగా రాస్తే పెదనాన్న ఎవరి పార్టీ అని లెక్కలు తీస్తారు. ధర్మవరం పెళ్లిలో బంతి దగ్గర మీరు వేసుకున్న వాదం ముదిగుబ్బ దాకా వచ్చింది. మ్యాక్ కొనేవాడికి డబ్బు కొవ్వని పెద్దోడు అన్నాడంట. విండోస్ వాడేవాడికి టేస్టు లేదని చిన్నోడు అన్నాడంట. అంతటితో పోలేదు, అప్పటి నుంచి ఒకరి ఫోన్ ఒకరు ఎత్తడం లేదంట. ఇద్దరి ల్యాప్‌టాప్‌లూ శెనక్కాయలమ్మిన డబ్బుతో వచ్చినవే కదప్పా!

నేను డీటీపీ షాపువాణ్ణి. ఈ గొడవల లోపలి సంగతి నాకు కొంచెం తెలుసు. కొత్త సినిమా వస్తోందంటే ఇద్దరు హీరోల అభిమానులూ ఫ్లెక్సీల కోసం నా దగ్గరికే వస్తారు. ఫోటో ఏది పెట్టాలనేది వాళ్లకు రెండో మాట. మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "అన్నా, అవతలివాళ్లు చూసి మండిపోవాల, అట్లా రాయి." రాసిస్తాను. సాయంత్రం అవతలివాళ్లు వస్తారు, వాళ్లకూ అదే కంప్యూటర్లో, అదే ఫోటోషాప్‌లో రాసిస్తాను. ఇద్దరి దగ్గరా అడుగుకింత అని ఒకే రేటు. మీరు పెళ్లిలో అన్న మాటలు కూడా ఇట్లా ఎవరో డబ్బు తీసుకుని రాసిచ్చినవే. కాకపోతే ఆ షాపు అమెరికాలో ఉంది.

1984 జనవరి 22న అక్కడి ఫుట్‌బాల్ ఫైనల్ మధ్యలో ఆపిల్ ఒక ప్రకటన వేసింది. తీసింది రిడ్లీ స్కాట్, పెద్ద సినిమా దర్శకుడు. గుండు చేయించుకున్న మనుషులు బూడిదరంగు బట్టల్లో వరసగా కూర్చుని ఉంటారు. పెద్ద తెర మీద ఒకడు ఉపన్యాసం దంచుతుంటాడు. ఒక అమ్మాయి పరిగెత్తుకొచ్చి సమ్మెట విసిరి ఆ తెర పగలగొడుతుంది. అంతే. మ్యాకింటాష్ కంప్యూటర్ ధరెంతో, అది ఏం పని చేస్తుందో అందులో ఒక్క ముక్క లేదు. తెర మీద ఉన్నవాడు పోటీ కంపెనీ ఐబీఎం అని చూసినవాళ్లే అర్థం చేసుకున్నారు. సరుకు కంటే ముందు శత్రువును చూపించారన్నమాట.

2006లో ఇంకొంచెం తెలివిమీరారు. తెల్లటి గోడ ముందు ఇద్దరు నిలబడతారు. జీన్స్ వేసుకున్న కుర్రాడు "నేను మ్యాక్‌ని" అంటాడు, కోటు వేసుకున్న బొద్దాయన "నేను పీసీని" అంటాడు. 2009 వరకు ఇట్లాంటివి 66 తీశారు. దాదాపు అన్నిటిలోనూ ఓడేది కోటాయనే. మనం చూసేది రెండు మిషన్లనని మరిచిపోయి, ఇద్దరు మనుషుల్లో మనం ఎవరిలా ఉన్నామని చూసుకోవడం మొదలుపెడతాం. కోటాయనలా ఉన్నామని ఎవరు ఒప్పుకుంటారు? విండోస్ వాడే జనానికి రోషం వచ్చింది. మైక్రోసాఫ్ట్ ఆ రోషాన్నే పట్టుకుని 2008లో రకరకాల మనుషుల చేత "నేను పీసీని" అని గర్వంగా చెప్పించింది. ఇక రెండు వైపులా సైన్యం తయారు, జీతం లేకుండా.

ఆ జీన్స్ కుర్రాడి పేరు జస్టిన్ లాంగ్. 2021లో ఇంటెల్ పిలిచి డబ్బిస్తే, వచ్చి మ్యాక్ కంటే పీసీయే మేలని చెప్పి పోయాడు. ఆయన్ను నేను తప్పుపట్టను, అది ఆయన వృత్తి. చిన్నోడా, నీకు ఎవరు జీతమిస్తున్నారు?

ఇప్పుడు పెద్దోడి సంగతి. ఎక్సెల్ పనికి మ్యాక్ ఎందుకూ పనికిరాదన్నావంట. ఎక్సెల్‌ను మైక్రోసాఫ్ట్ మొదట విడుదల చేసింది మ్యాక్ కోసమే, 1985లో. విండోస్‌కు అది వచ్చింది 1987లో. 1997 ఆగస్టులో ఆపిల్ మునిగిపోయే స్థితిలో ఉంటే, అందులో 15 కోట్ల డాలర్లు పెట్టింది మైక్రోసాఫ్టే. బోస్టన్ సభలో స్టీవ్ జాబ్స్ ఆ మాట చెప్పి తెర మీద బిల్ గేట్స్‌ను చూపించగానే మ్యాక్ అభిమానులు గోల చేశారు. యజమానులు రాజీపడితే అభిమానులకు కోపం! ఫోన్లలోనూ ఇదే కథ. ఆండ్రాయిడ్, ఐఫోన్ అని కుర్రాళ్లు కొట్టుకుంటుంటే, ఐఫోన్‌లో తన సెర్చ్ ముందుండాలని గూగుల్ ఒక్క 2022లోనే ఆపిల్‌కు 2,000 కోట్ల డాలర్లు కట్టింది. ఈ లెక్క అమెరికా కోర్టులో బయటపడింది.

అంత దూరం ఎందుకు, సత్య నాదెళ్ల గారినే చూడండి. వాళ్ల నాన్న యుగంధర్ గారిది మన అనంతపురం జిల్లా బుక్కాపురమే. 2014 ఫిబ్రవరిలో సత్య గారు మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టారు, మార్చిలోనే ఐప్యాడ్‌కు ఆఫీస్ విడుదల చేశారు. మరుసటి ఏడు శాన్‌ఫ్రాన్సిస్కో వేదిక మీద ఐఫోన్ తీసి, అందులో తమ సాఫ్ట్‌వేర్ ఎట్లా పనిచేస్తుందో చూపించారు. మైక్రోసాఫ్ట్ పెద్దకే ఐఫోన్ అంటరానిది కాకపోతే నీకెందుకప్పా?

ఈ పగ వల్ల నష్టం మనకే. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు మూతపడేవి, గుర్తుందా? కొందరు సరదాకి దాన్నే అవతలివాళ్లకు పంపించి నవ్వుకున్నారు. ఆపిల్ వారం పది రోజుల్లో సరిచేసింది. తెలుగు రాసుకునేవాళ్లం అప్పుడు అడగాల్సింది వేరే ఉంది: మన భాషను విడుదలకు ముందే సరిగ్గా పరీక్షించారా అని. అభిమానం ముదిరితే ఆ ప్రశ్న నోటికి రాదు. మనవాడి తప్పును కప్పిపెట్టడానికో, అవతలివాడి తప్పును ఊరేగించడానికో నోరు చాలకుండా పోతుంది.

ఈ పగకు ఇంకో కారణం కూడా ఉందిలే. లక్ష రూపాయలు పోసి కొన్నాక అది గొప్పదని పదిమంది చేత అనిపించుకోవాలని మనసు లాగుతుంది. తక్కువలో కొన్నవాడికి తాను మోసపోలేదని చాటాలని ఉంటుంది. ప్రకటనలు రాసేవాళ్లకు ఈ బలహీనత బాగా తెలుసు.

నిజానికి మీ ఇద్దరూ కొన్నవి సరిగ్గానే ఉన్నాయి. పెద్దోడిది అకౌంట్ల పని, ట్యాలీ నడిచేది విండోస్ మీదే. చిన్నోడు ఐఫోన్ యాప్‌లు చేయాలంటే ఎక్స్‌కోడ్ కావాలి, అది మ్యాక్ మీదే నడుస్తుంది. ల్యాప్‌టాప్‌లు మారితే ఇద్దరి పనీ ఆగిపోతుంది.

వచ్చే ఆదివారం ఇద్దరూ బెంగళూరు నుంచి కలిసి రండి. నా షాపులో ఇంకా విండోస్ 10 ఉంది. 2025 అక్టోబర్ 14తో దానికి సపోర్టు ఆపేశారు. కొత్తది కొనాలా, ఉన్నదాన్నే సర్దుకోవాలా, నా అను తెలుగు ఫాంట్లు పోకుండా ఏం చేయాలో ఇద్దరూ కూర్చుని తేల్చండి. కదిరి నుంచి మీ బావ కూడా వస్తానన్నాడు. లైనక్స్ వేసుకో మామా, మిగతావన్నీ దండగ అంటున్నాడు. వాడితో మాత్రం అన్నం తినేదాకా వాదం పెట్టుకోవద్దండి.